బరంపురంలో నాకు గడియారాలు తక్కువయ్యాయా?

ఏటండీ ఈ టైమర్ల గోల! పొద్దల్లా కొట్లో నిలబడి, రాత్రి పదింటికి కాసేపు వీడియో గేము ఆడుకుందామంటే అక్కడా గడియారమే. 1985 నాటి సూపర్ మారియోలో మూలన 400 అని కనబడుతుంది. అవి సెకన్లేననుకుని చిన్నప్పుడు ధీమాగా ఆడేవాణ్ని. ఏం సెకన్లు! ఒక్కో అంకెకి అర సెకను కూడా ఉండదు, అన్నీ కలిపినా మూడు నిమిషాలు రావు. వంద మిగిలేసరికి సంగీతం ఉరుకులెత్తుతుంది, నా చేతులు వణుకుతాయి, తిన్నగా వెళ్లి గోతిలో పడతాను.

నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్లకి టైమరంటే సరే. ఒకడే పాతుకుపోతే కొట్టువాడికి గిట్టదు, నేనూ వ్యాపారినే. ఇంట్లో నా డబ్బుతో కొనుక్కున్న ఆటకెందుకూ? 1997లో వచ్చిన ఫాలౌట్ అనే ఆటలో మనవాళ్ల నీళ్లు శుద్ధిచేసే యంత్రానికి కావలసిన చిప్పు ఆటలోని లెక్కన 150 రోజుల్లో తెచ్చివ్వాలి. దారిలో ఊళ్లన్నీ తీరిగ్గా చూద్దామన్నా గుండె దడే.

మొన్న ఆఖరి ఇరవై సెకన్లు. తలుపు ఎదురుగానే ఉంది. వెనకనుంచి అమ్మ, "ఒరే, ఆ ఫోనెవరిదో చూడు!"

చూశాను. రాంగ్ నంబరు. ఒడియాలో సారీ కూడా చెప్పాడు పాపం. మళ్లీ మొదటినుంచీ.