పాతిక లక్షల గారికి శ్రీకాకుళం నుంచి ఒక మనవి

గౌరవనీయులైన పాతిక లక్షల గారికి,

నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టాలి గానీ మొన్న శుక్రవారం నుంచి ఆ మాట రాయబుద్ధి కావట్లేదండి. తమరు మాత్రం క్షేమమేనని తెలుసు, 2023 డిసెంబర్లో ఇంటికి ఉచిత వైద్యం పరిమితిగా తమరు ఆరోగ్యశ్రీ కార్డు మీదకి వేంచేసినప్పటి నుంచీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాం కదా, చెమ్మ కూడా తగల్లేదు.

నాన్నకి బ్లాకు ఉంది, స్టెంటు వెయ్యాలన్నారు. తమరున్నారన్న ధైర్యంతో 2025 అక్టోబర్ 10న పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్ళాం. ఆసుపత్రిలో ఈ కార్డు కేసులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు ముందు కూర్చున్నాం, కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది, ఆ అమ్మాయి కూడా ఉంది, పని మాత్రం లేదు. పన్నెండున్నరకి ఒకబ్బాయి వచ్చి ప్రింటు తీసిన కాగితం ఒకటి సెల్లోటేపుతో తమరి బ్యానర్ మీదే అంటించి వెళ్ళాడు. బాకీలు రాక సేవలు ఆపేశాం అని. ఎక్కడ అంటించాడో తెలుసా అండీ, కరెక్టుగా 25లో 5 మీద. ఇక అక్కడ కనపడేది 2 లక్షలే.

నాలుగు దాకా ఆ 2నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆయన మాకు పాత చుట్టం. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి, మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు. అప్పుడు ఇంటికి మొత్తం కలిపి లక్షన్నర, పైన ఇంకో యాభై వేలు, అంతే. ఆ 2 లక్షలతోనే 2008లో మా తాతకి గుండె ఆపరేషన్ అయింది, రూపాయి అడగలేదు, ఇంటికొచ్చేటప్పుడు బస్సు చార్జీలు కూడా చేతిలో పెట్టారు. తాత ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికి మా అందర్నీ తిట్టాడు.

తర్వాత తమరు పెరిగారు. రెండున్నర, ఐదు, పాతిక. తెలంగాణలో మీ తమ్ముడు కూడా 10 లక్షలయ్యారు, సెప్టెంబర్లో అక్కడా ఆసుపత్రులు ఇదే పాట పాడాయి. (పేరు మాటెందుకులెండి, ప్రభుత్వం మారినప్పుడల్లా ఇటు ఎన్టీఆర్ గారు అటు వైఎస్సార్ గారు, బాగుపడింది బోర్డులు రాసే పెయింటరొక్కడే.)

నాకర్థమైంది ఇదండీ. ఖజానాలో డబ్బుల్లేనప్పుడు తమర్ని తగ్గిస్తే గొడవ, ఓట్లు పోతాయి. అదే పెంచితే ఖర్చేముంది, ఫ్లెక్సీ ఖర్చు. కోత కొయ్యాల్సింది మాత్రం కనపడని చోట కోస్తారు, ఆసుపత్రి పంపిన బిల్లు మీద. దాదాపు 2,700 కోట్లు బాకీ అని ఆసుపత్రుల సంఘం అంది. వాళ్ళు ఓపిక పట్టినంత కాలం పట్టి ఆ కోతని తీసుకొచ్చి మా నాన్న ఛాతీ మీద పెడతారు. జీవోలో తమరు అలాగే ఉంటారు, పాతికకి పాతిక, పైసా తగ్గకుండా.

ఇప్పుడు తమర్ని రెండు ముక్కలు చేస్తారట, రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ పైన ప్రభుత్వ ట్రస్టు. చెయ్యనివ్వండి, కనీసం ఫోనెత్తేవాళ్ళు ఇద్దరవుతారు.

డబ్బులకి కటకటగా ఉంది అంటారు, ఒప్పుకుంటాను, కానీ కటకట మీకేనా? నాన్న తాపీ పని చేస్తాడు, వర్షాలకి ముందు నుంచే సైట్లు ఆగిపోయాయి, చేతిలో పనున్న రోజుల్లో మాకు నీతో పనేంటి అసలు, లేని రోజుల కోసమేగా నువ్వున్నది! నీ ఖజానా ఎండినప్పుడే మా ఇల్లూ ఎండుతుంది, సరిగ్గా అప్పుడే నువ్వు కాగితం వెనకాల దాక్కుంటే ఎలారా బాబూ.

ఎనభై వేలు డిపాజిట్ కడితే రేపే చేస్తాం అన్నారు. అమ్మ ఏం మాట్లాడలేదు, బాత్రూంకి వెళ్ళొచ్చింది, మెళ్ళో గొలుసు లేదు, కొంగు ముడిలో ఉంది. స్టెంటు పడింది. నాన్న బాగున్నాడు, అడిగావని చెప్తాను.

నువ్వు రాకపోయినా పర్లేదు. ఆ పాత 2 లక్షలు ఎక్కడున్నాడో తెలిస్తే ఒకసారి ఇటు పంపించు. వడ్డీ 12వ తారీఖు కట్టాలి, కార్డు మటుకు తాకట్టు పెట్టుకోరంట, అడిగాను.

ఇట్లు,
కార్డు నంబర్ కంఠతా వచ్చిన ఒకడు