బాట మీద మురిపెం, చిత్తడి మీద వేటు

టొరంటోకు తూర్పున, ఏజాక్స్ దగ్గర, సరస్సు తీరం వెంట సాగే నడక బాట వాటర్‌ఫ్రంట్ ట్రెయిల్ ఒక వంతెన మీదుగా డఫిన్స్ క్రీక్‌ను దాటుతుంది. అక్కడ కాసేపు ఆగితే ఒకవైపు ఒంటారియో సరస్సు, ఇంకోవైపు మనిషి ఎత్తున పెరిగిన జమ్ము కనిపిస్తాయి. వాగు నీరు తొందర లేకుండా పరచుకుని, ఆ జమ్ములో నానుతూ సరస్సులో కలుస్తుంది. ఒంటారియో అందాల గురించి ప్రావిన్స్ ప్రభుత్వం చెప్పుకునేటప్పుడు ఇలాంటి చోట్లే ముందు పెడుతుంది. ఇదే వాగును ఆనుకున్న చిత్తడి నేలను గోదాము కోసం పూడ్చుకోవచ్చని 2020 అక్టోబర్‌లో మంత్రి జోనింగ్ ఉత్తర్వు, అంటే ఒక నేలలో ఏం కట్టవచ్చో మంత్రి నేరుగా తేల్చే ఉత్తర్వు, ఇచ్చిందీ ఆ ప్రభుత్వమే.

ఆ కథ క్లుప్తంగా ఇది. ఉత్తర్వు వచ్చిన రెండు నెలలకు చట్టం మారింది. మంత్రి జోనింగ్ ఉత్తర్వు ఉన్న చోట, వాగులను, వరద నేలలను చూసుకునే స్థానిక సంస్థ కన్జర్వేషన్ అథారిటీ అనుమతి ఇచ్చి తీరాలన్నారు. మరుసటి ఏడాది బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ పేరుతో వచ్చిన బిల్లులో ఇంకో మార్పు చేర్చారు. టొరంటో చుట్టూ కట్టడాలు రాకుండా కాపాడే నేల అయిన గ్రీన్‌బెల్ట్ బయట ఇలాంటి ఉత్తర్వులు ప్రావిన్స్ సొంత ప్లానింగ్ విధానానికి లోబడనక్కర్లేదని, పాత ఉత్తర్వులకూ అదే వర్తిస్తుందని రాసుకున్నారు. ఇంటర్నెట్ తీగలకూ చిత్తడి నేలకూ ఏమిటి సంబంధం? గోదాములోకి వస్తుందనుకున్న అమెజాన్ 2021 మార్చిలో తప్పుకుంది, జనం గట్టిగా అడ్డుకున్నారు, ఆ పని ఆగింది. అనుమతి ఇచ్చి తీరాలన్న నిబంధన మాత్రం చట్టంలో అలాగే ఉండిపోయింది. మాకు భయం పుట్టించేది అదే.

2020 డిసెంబర్‌లో ఆ మార్పును నిరసిస్తూ గ్రీన్‌బెల్ట్ కౌన్సిల్ అధ్యక్ష పదవికి రాజీనామా చేసింది టొరంటో మాజీ మేయర్ డేవిడ్ క్రాంబీ. ఆయనతో పాటు మరో ఆరుగురు సభ్యులూ వెళ్లిపోయారు. ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1988లో టొరంటో తీరం భవిష్యత్తు మీద రాయల్ కమిషన్‌కు నాయకత్వం వహించింది ఈయనే. 1992లో వచ్చిన ఆ కమిషన్ తుది నివేదికలోంచే వాటర్‌ఫ్రంట్ ట్రెయిల్ పుట్టింది. 1995లో ఒంటారియో సరస్సు ఒడ్డున మొదలైన ఆ బాట ఇప్పుడు గ్రేట్ లేక్స్ తీరం వెంట 3,600 కిలోమీటర్లు దాటింది. సరస్సును, దానిలో కలిసే వాగులను, ఒడ్డున బతికే మనిషిని కలిపే చూడాలని ఆ కమిషన్ చెప్పింది. బాటను ఊహించిన మనిషే ఈ చట్టంతో కలిసి నడవలేనని తప్పుకున్నాడంటే ప్రభుత్వం తల వంచుకోవలసిన మాట. అలాంటిదేమీ జరగలేదు. బాట పొడవు గురించి మాత్రం గొప్పలు ఆగలేదు.

ఇప్పుడు మళ్లీ ఎందుకు రాస్తున్నామంటే, 2025 అక్టోబర్ 31న ప్రభుత్వం ఇంకో ప్రకటన చేసింది. ప్రావిన్స్‌లో ఉన్న 36 కన్జర్వేషన్ అథారిటీలను 7కు కుదిస్తామంది. పనులు వేగంగా జరగడానికట. 1946 చట్టంతో పుట్టిన ఈ సంస్థలకు ఊళ్ల సరిహద్దులు లెక్క కాదు, వాగు ఏ మేర పారితే ఆ మేర వాటి పరిధి. 1954 అక్టోబర్‌లో హరికేన్ హేజెల్ ఒంటారియోలో 81 మందిని బలి తీసుకున్నాక, వరద ముంపు నేలల్లో ఇళ్లు కట్టకుండా ఆపే బాధ్యత వీటికి వచ్చింది. ఈ రోజు మనం నడిచే బాట పక్కన పచ్చగా మిగిలిన నేల చాలావరకు అప్పటి నుంచి కొని, అడ్డుపడి, కాపాడుకుంటూ వచ్చినదే. మిస్సిసాగాలో రాట్రే మార్ష్ చుట్టూ ఇళ్లు కట్టాలని ప్లాన్లు వేసినప్పుడు స్థానికులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి కన్జర్వేషన్ అథారిటీ చేతికి వచ్చి ఆ మడుగు బతికింది. ఇవాళ అక్కడి చెక్క బాట మీద ఆదివారం పూట నిలబడే చోటు ఉండదు. ఏ వాగు ఏ వానకు ఎంత పొంగుతుందో తెలిసిన మనుషులను దూరం చేసి, వందల కిలోమీటర్ల తీరాన్ని ఒకే ఆఫీసుకు అప్పగిస్తే అలాంటి పోరాటానికి ఎవరు తోడు నిలుస్తారు?

తీరపు చిత్తడి అంటే ఏమిటో, దాని పక్కన రోజూ నడిచేవాళ్లకు కూడా సరిగా తెలియకపోవచ్చు. వాగు సరస్సులో కలిసే చోట అలలు ఇసుకను తోసి అడ్డంగా ఒక తిన్నె కడతాయి. దాని వెనక నీరు నిలిచి మడుగవుతుంది. వానలకు ఆ తిన్నె తెగుతుంది, అలలకు మళ్లీ పూడుతుంది. సరస్సు మట్టం పెరిగిన ఏడు నీరు ఒడ్డు మీదికి పాకి పొదలను, చెట్లను చంపుతుంది. తగ్గిన ఏడు బయటపడిన బురదలో ఎన్నాళ్లుగానో నిద్రపోతున్న గింజలు మొలుస్తాయి. తుంగ ఒక వరస, జమ్ము ఒక వరస, లోతులో తామర జాతి మొక్కలు. నీరు పెరిగి తరగడమే ఈ నేలకు ఊపిరి. వసంతం మొదట్లో మంచు కరిగి తుంగ నేలలు మునిగినప్పుడు నార్తర్న్ పైక్ చేప అక్కడికే వచ్చి గుడ్లు పెడుతుంది. ఆ మునిగే నేల లేకపోతే ఆ చేప లేదు.

1960 ప్రాంతంలో సెయింట్ లారెన్స్ మీద డ్యామ్ వచ్చాక ఒంటారియో సరస్సు మట్టాన్ని ఎక్కువ పెరగకుండా, ఎక్కువ తగ్గకుండా పట్టి ఉంచారు. ఓడలకు, తీరపు ఇళ్లకు అది బాగుంది. తుంగ నేలలు మాత్రం జమ్ము కిందకు పోయాయి, ఎక్కడ చూసినా ఒకటే గడ్డి. ఆ తప్పు దిద్దడానికే, మట్టం కాస్త సహజంగా ఆడేలా 2017 జనవరి నుంచి కొత్త నియంత్రణ పద్ధతి తెచ్చారు. అదే ఏడాది, మళ్లీ 2019లో భారీ వానలు పడి సరస్సు రికార్డు మట్టానికి చేరింది. టొరంటో ఐలాండ్స్ మునిగాయి, బాట చాలా చోట్ల కొట్టుకుపోయింది. అప్పుడు ఎక్కడ చూసినా రాళ్ల గోడల గురించే మాట. నీరు పరచుకోవడానికి చోటున్న తీరం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. దక్షిణ ఒంటారియోలో వలసవాసులు స్థిరపడటానికి ముందున్న చిత్తడి నేలల్లో దాదాపు 72 శాతం పోయాయి. అలాంటి చోట మిగిలిన ప్రతి మడుగు గురించీ కాపాడాలా వద్దా అన్న చర్చ అసలు పుట్టకూడదు.

కానీ పుట్టించారు. 2022 చివర్లో ఇళ్ల పేరుతో వచ్చిన బిల్ 23 కాలంలోనే చిత్తడి నేలలకు మార్కులు వేసే పద్ధతినీ మార్చారు. మొత్తం 600 మార్కులు వస్తే ఆ నేల ప్రావిన్స్ స్థాయి ప్రాముఖ్యం గలదిగా రక్షణ పొందుతుంది. ఇంతకు ముందు దగ్గర దగ్గరగా ఉండి ఒకదానిమీద ఒకటి ఆధారపడిన చిన్న మడుగులను కలిపి ఒకే సముదాయంగా లెక్కించేవారు. 2023 జనవరి నుంచి ఆ కలపడం తీసేశారు. ప్రమాదంలో ఉన్న జీవులకు ఆశ్రయమిస్తే వచ్చే మార్కులనూ తీసేశారు. వేళ్లను ఒక్కొక్కటిగా తూచి, ఈ చెయ్యి బరువు మోయలేదని తేల్చినట్టుంది. తీరంలో మిగిలినవి ఎక్కువగా చిన్న ముక్కలే. వాటిని విడదీసి తూచితే ఏది నిలుస్తుంది? ఇంకా చాలదన్నట్టు, ప్లానింగ్ దరఖాస్తుల మీద కన్జర్వేషన్ అథారిటీలు వరద, కోత లాంటి ప్రమాదాల గురించే మాట్లాడాలి, కాలుష్యం, నేల సంరక్షణ మీద నోరెత్తకూడదని కట్టడి చేశారు.

2025 జూన్‌లో బిల్ 5 వచ్చింది. ప్రమాదంలో ఉన్న జంతువుకు ఆవాసం అంటే దాని గూడు, బొరియ, వాటి చుట్టుపక్కల కాస్త చోటు అని కుదించారు. బ్లాండింగ్స్ తాబేలు సంగతి చూడండి. గుడ్లు పెట్టే వయసు రావడానికే దానికి ఇరవై ఏళ్ల దాకా పట్టవచ్చు. ఒక మడుగులో చలికాలం గడిపి, వేరే మడుగులో తిని, గుడ్లు పెట్టడానికి కిలోమీటర్ల దూరం నడిచి వెళ్లే జీవి అది. దాని దారి మొత్తం దాని ఇల్లే. మధ్యలో నేల మీద షెడ్డు కట్టి, తాబేలు ఇల్లు ముట్టుకోలేదంటే ఎవరు నమ్మాలి? జూన్ నెలలో బాట అంచున కంకరలో గుంత తవ్వుతున్న తాబేలును చూసి ఆగిపోయే పిల్లలకు ఈ నిర్వచనం చెప్పి చూడండి.

ఇళ్ల కొరత నిజమే, అద్దెలు కట్టలేక యువ కుటుంబాలు నలిగిపోతున్నాయి, అనుమతులకు ఏళ్లు పడుతున్నాయన్న ఫిర్యాదులోనూ కొంత న్యాయం ఉంది. అయితే సమస్యకు కారణం భూమి కొరత కాదని ఈ ప్రభుత్వమే వేసిన హౌసింగ్ టాస్క్‌ఫోర్స్ 2022 ఫిబ్రవరిలో చెప్పింది. ఇళ్ల కోసమంటూ ప్రభుత్వం గ్రీన్‌బెల్ట్‌లోంచి 7,400 ఎకరాలు తీయడంతో భూయజమానుల ఆస్తి విలువ 828 కోట్ల డాలర్లకు పైగా పెరగవచ్చన్న లెక్కను 2023 ఆగస్టులో ఆడిటర్ జనరల్ బయటపెట్టారు. మరుసటి నెల ప్రావిన్స్ ప్రభుత్వాధినేత అయిన ప్రీమియర్ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. పట్టుబడ్డాక చెప్పిన క్షమాపణ అది. చిత్తడి మార్కుల నిబంధనలు మాత్రం వెనక్కి రాలేదు. ఎకరాల లెక్క వార్తల్లో పెద్దగా పడుతుంది, మార్కుల లెక్క ఎవరి కంటా పడదు.

టొరంటో పోర్ట్‌ల్యాండ్స్ కథ చూస్తే ఈ ద్వంద్వ నీతికి సరిహద్దు లేదనిపిస్తుంది. గ్రేట్ లేక్స్ తీరంలోని పెద్ద చిత్తడుల్లో ఒకటైన యాష్‌బ్రిడ్జెస్ బే మడుగును గత శతాబ్దం మొదట్లో పూడ్చి రేవుగా మార్చారు. డాన్ నదిని కాంక్రీటు కాలువలోకి తిప్పారు. దాంతో వరద ముప్పు నెత్తికెక్కింది. దాన్ని సరిచేయడానికి మూడు స్థాయిల ప్రభుత్వాలు కలిసి 125 కోట్ల డాలర్లకు పైగా పోసి నదికి కొత్త ముఖద్వారం తవ్వాయి, జమ్మును, తుంగను చేత్తో నాటించాయి. 2025లో అక్కడి పార్కును ప్రజలకు తెరిచారు. బాగుంది, మేమూ సంతోషించాం. ఆ ఖర్చులో వాటా ఉన్న ఒంటారియో ప్రభుత్వమే, ఉచితంగా ఉన్న మడుగులకు రక్షణ తీసేసింది. మన మనవలు మళ్లీ ఇంకో 125 కోట్లు పోసి వాటిని తవ్వుకోవాలా?

పూడ్చిన చోటికి బదులు ఇంకోచోట కొత్త మడుగు కట్టిస్తామనే మాట ఇకపై తరచుగా వినబడుతుంది. హామిల్టన్‌లోని కూట్స్ ప్యారడైజ్‌ను చూసి వచ్చి ఆ మాట అనాలి. మురుగు, పూడిక, బురదను కెలికే కార్ప్ చేపలు కలిసి అక్కడి మొక్కల్లో దాదాపు 85 శాతాన్ని మాయం చేశాయి. 1990ల నుంచి అక్కడ బాగుచేత సాగుతోంది. 1997లో పెట్టిన అడ్డుకట్ట దగ్గర పెద్ద కార్ప్‌లను ఆపి, స్థానిక చేపలను ఏరి లోపలికి దాటించే పని మొదలుపెట్టారు. అంత ఓపికతో కాపాడుతున్న చోటికి చేరే వాగులోకి 2014 నుంచి 2018 దాకా, మురుగు ట్యాంకు గేటు ఒకటి కొద్దిగా తెరుచుకుని ఉండిపోవడంతో 2,400 కోట్ల లీటర్ల మురుగునీరు పారింది. దాని పరిమాణం నగర పెద్దలకు తెలిసినా, 2019 నవంబర్‌లో పత్రిక బయటపెట్టేదాకా జనానికి చెప్పలేదు. ఉన్న మడుగును బాగుచేయడానికే తరాలు పట్టేచోట, కొత్త మడుగు కట్టి ఇస్తామంటున్నారు.

నడిచేవాళ్లమూ ఈ విషయంలో చేతులు కడుక్కోలేం. ఫ్రాగ్‌మైటిస్ అనే బయటి జాతి కిక్కిస అయిదు మీటర్ల దాకా పెరిగి మడుగులను మింగుతోంది. దాని గింజలు, వేర్ల ముక్కలు బూట్లకు, సైకిల్ టైర్లకు అంటుకునే వస్తాయి. బాట దిగి ఫొటో కోసం జమ్ములోకి నడవడం, కుక్కను తాడు లేకుండా వదలడం, బాతులకు బ్రెడ్ వేయడం ఆపాలి. ఈ పని మనది, మనమే చేసుకోవాలి. కానీ బూటుకు అంటిన గింజ గురించి బోర్డులు పెట్టే ప్రభుత్వం, మడుగునే లెక్కలోంచి తీసేసే సంతకాన్ని పక్కనే పెట్టుకుంటే ఆ బోర్డుకు విలువ ఏముంటుంది?

మంత్రి జోనింగ్ ఉత్తర్వు వస్తే అనుమతి ఇచ్చి తీరాలన్న నిబంధనను తీసేయాలి. చిన్న మడుగులను కలిపి లెక్కించే పాత పద్ధతిని తిరిగి తేవాలి. అథారిటీల విలీనాన్ని ఆపి, ఆ వాగుల ఒడ్డున ఉన్నవాళ్లను ముందు అడగాలి. వీటిలో ఏదీ ఖజానాకు భారం కాదు.

ఇవి చేయడం ఇష్టం లేకపోతే సరే, ఆ మాట బయటికి చెప్పండి. వచ్చే వసంతంలో బాటలో ఇంకో ముక్క తెరవడానికి మంత్రులు, ప్రావిన్స్ శాసనసభ్యులు (ఎంపీపీలు) మళ్లీ కత్తెర పట్టుకుని వస్తారు. రావద్దని మేం అనం. వచ్చే ముందు డఫిన్స్ క్రీక్ వంతెన దాకా నడవండి, కెమెరాలు లేకుండా, ఎర్లీ మార్నింగ్ వెళ్లండి. 2020లో పూడ్చడానికి సంతకం పెట్టింది ఏ వాగు నేలకో అక్కడ నిలబడి చూడండి. ఆ తర్వాత కూడా చట్టం మార్చబుద్ధి కాకపోతే, దయచేసి ఆ జమ్ము ముందు నిలబడి ఫొటోలు దిగకండి.