పసిబిడ్డ రెటీనాలో నెత్తురు: మలేరియా కార్డు దగ్గరే ఆగిపోవద్దు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మూర్ఛలతో స్పృహ తప్పిన పసిబిడ్డను తెస్తే ముందు మలేరియా కార్డు పరీక్ష చేస్తారు. చేయాల్సిందే. కానీ కార్డు పాజిటివ్ రాగానే కారణం దొరికిందని వెతకడం మానేస్తే బిడ్డకే ప్రమాదం. జ్వరం తగ్గిన కొన్ని వారాల దాకా ఆ కార్డు పాజిటివ్ చూపించగలదు. మలావీలో మెదడు మలేరియాతో పోయారనుకున్న 31 మంది పిల్లల్లో ఏడుగురి మరణానికి కారణం వేరని శవపరీక్షల్లో తేలినట్టు 2004లో వెల్లడైంది. ఆ తేడాను బతికుండగానే బాగా పట్టిచ్చింది రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) పరీక్ష.

మెదడు మలేరియాలో నెత్తుటి మచ్చలతో పాటు రెటీనా అక్కడక్కడా తెల్లబారుతుంది, రక్తనాళాల రంగు మారుతుంది. ఉత్త మచ్చలే ఉంటే ఇంకా వెతకాలి. కాన్పు ఒత్తిడికి సుమారు నాలుగో వంతు శిశువుల్లో ఇలా నెత్తురు కనిపిస్తుంది గానీ, ఆరు వారాలకల్లా దాదాపు అంతా కరిగిపోతుంది.

తల్లిపాల మీదే ఉన్న నెల, రెండు నెలల బిడ్డయితే మొదట విటమిన్-కె సంగతి తేల్చాలి, అది లోపిస్తే నెత్తురు సరిగా గడ్డకట్టదు. పుట్టగానే తొడకు 1 మి.గ్రా. పడాలి, బరువు వెయ్యి గ్రాముల లోపుంటే 0.5. ‘సూదులు వేశారు’ అన్న మాట చాలదు, బీసీజీ కూడా సూదే. తల్లీబిడ్డల కార్డులోనో డిశ్చార్జి కాగితంలోనో రాసి ఉందా చూడాలి. ప్రోత్రాంబిన్ టైమ్ (నెత్తురు గడ్డకట్టడానికి పట్టే సమయం) బాగా పెరిగి ప్లేట్‌లెట్లు సరిగానే ఉంటే విటమిన్-కె లోపమన్న అనుమానం బలపడుతుంది. రక్తం తీసిన వెంటనే విటమిన్-కె ఇచ్చేయాలి, రిపోర్టు కోసం ఆగకూడదు. ఈ పరీక్షకు రక్తం పట్టే నీలం మూత గొట్టం గీత దాకా నిండాలి: తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ (గొట్టంలో నెత్తురు గడ్డకట్టకుండా ఉంచే ద్రవం). నరం దొరకలేదని సగమే నింపి పంపితే, లేని లోపం ఉన్నట్టు వస్తుంది.

రెటీనా అంచుల దాకా, పలు పొరల్లో లెక్కకు మించి నెత్తురుంటే బిడ్డను బలంగా కుదిపారేమోనని చూడాలి. మంచం మీంచి పడ్డాడంటే అంత నెత్తురు సాధారణంగా రాదు. తల స్కాన్, ఎముకల ఎక్స్‌రేలు, పిల్లల సహాయ నంబరు 1098కి సమాచారం తప్పవు. అలాగని రక్తపరీక్షలు రాకముందే తల్లిదండ్రుల మీద నేరం మోపడం ఘోరం. కువి మాట్లాడే తల్లిని ఒడియాలో అడిగి రాసుకున్నది నమ్మదగింది కాదు. ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తను పక్కన పెట్టుకుని మళ్ళీ అడగాలి.

కంటి డాక్టర్ని 24 గంటల్లోపే పిలవాలి, పలచటి మచ్చలు రోజుల్లోనే మాయమవుతాయి. కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందుల్లో ఒకటైన ఫినైలెఫ్రిన్ 2.5 శాతం మించకూడదు. బరంపురానికో విశాఖకో పంపితే, చుక్కలు వేసిన టైము రెఫరల్ చీటీ మీద పెద్దక్షరాలతో రాయాలి. లేకుంటే విప్పారిన కంటిపాపలను చూసి అక్కడివాళ్ళు మెదడు వాపనుకుంటారు.