నావికుడి విగ్రహమా, ఓడ నమూనానా?

(1971 డిసెంబరు 9 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వేసిన టార్పెడో తగిలి భారత యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు జలసమాధి అయ్యారు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న స్మారకంలో ప్రధానమైనది గాజు గదిలోని ఓడ నమూనా. చిన్న ఊళ్లో నావికుల స్మారకం అలాగే ఉండాలా, మనిషి విగ్రహం కావాలా అన్నది వాదం. ఒకరు శిల్పి, ఇంకొకరు ఓడల మరమ్మతు తెలిసిన ఇంజినీరు.)

శిల్పి: పోయింది మనుషులండీ. వాళ్లకు సముద్రమే సమాధి. ఇంటివాళ్లు అంత దూరం వస్తే దండ వేయడానికి ఒక మనిషి రూపమైనా ఉండొద్దా?

ఇంజినీరు: ఆ రూపం ఎవరిది, మాస్టారూ? విగ్రహం అనగానే ముఖం కావాలి. అది కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాదే అవుతుంది. ఓడను వదలకుండా దాంతోపాటే వెళ్లిపోయిన ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు, ఆ గౌరవానికి ఆయన తగినవారే. మరి ఇంజన్ గదిలో ఉన్న కుర్రాడి ముఖం ఎవరు చేస్తారు? ఓడైతే 194 మందిదీ.

శిల్పి: అందుకే పేరులేని నావికుణ్ణి నిలబెట్టాలంటున్నాను. వాషింగ్టన్‌లో స్టాన్లీ బ్లైఫెల్డ్ చేసిన ‘లోన్ సెయిలర్’ అలాంటిదే. 1987 నాటిది. కాలరు పైకెత్తుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, పక్కన సంచీతో నిలబడి ఉంటాడు. తుపాకీ లేదు, సెల్యూట్ లేదు. దాని ప్రతిరూపాలు వేరే ఊళ్లలోనూ పెట్టుకున్నారు.

ఇంజినీరు: మన మున్సిపాలిటీలు తెప్పించేది అదా? సైనికుడి అచ్చు తీసుకుని తెల్లరంగు వేస్తారు. సెల్యూట్‌లో అరచెయ్యి ముందుకు తెరిచి ఉంటుంది. అది ఆర్మీ పద్ధతి. నేవీలో అరచెయ్యి నేలవైపు వంగి ఉండాలి. నావికుడు చూడగానే పట్టేస్తాడు. పైగా ఫైబర్ విగ్రహం. ఎండకు పై పూత సుద్దలా రాలుతుంది, సన్నగా నెర్రెలు పడతాయి. వాటిలోంచి ఉప్పుగాలి, తడి లోపలి ఇనుప పైపుకు చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, చీలమండ దగ్గర విగ్రహం పగులుతుంది.

శిల్పి: ఫైబర్‌ను నేనూ సమర్థించను. సముద్రం పక్కన సిమెంటు కూడా వద్దు, లోపలి ఇనుప కమ్మీ మీద 50 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు లేకపోతే అదీ అలాగే పగులుతుంది. నేను చెప్పేది కంచు, అదీ మైనపు అచ్చుతో పోసింది. గోడ మందం 5, 6 మిల్లీమీటర్లు. లోపలి ఆధారానికి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అది కంచుకు నేరుగా తగలకుండా మధ్యలో నైలాన్. పాదాల కింద నీరు కారడానికి రెండు రంధ్రాలు. పోత పోశాక లోపలి మట్టి గర్భాన్ని పూర్తిగా తవ్వి తీయాలి. కొందరు అక్కడే బద్ధకిస్తారు. మిగిలిన మట్టి ఉప్పునీటిని పట్టి ఉంచితే, నాలుగైదేళ్లకు అతుకుల వెంట లేతపచ్చ పొడి పుట్టుకొస్తుంది. అది పైన రుద్దితే పోయే జబ్బు కాదు.

ఇంజినీరు: ఇంత చేశాక చూసుకునేదెవరు?

శిల్పి: నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. ఏడాదికోసారి కంచును కాస్త వేడిచేసి మైనం పట్టించాలి. ఇద్దరు మనుషులు, ఒక రోజు పని. మీ ఓడలకు అంతతో సరిపోతుందా? పాత విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ ముంబయిలో మ్యూజియంగా ఉండి, భద్రత లేదని 2012లో మూతపడింది. చివరికి తుక్కు కింద విరిచేశారు.

ఇంజినీరు: అసలు ఓడ విషయంలో మీ మాట కాదనను. ఆ పేరుతోనే వచ్చిన రెండో ఖుక్రీ 2021 డిసెంబరులో విశాఖలో సేవ ముగించింది, దాన్ని డయ్యూకు ఇచ్చారు. నీళ్లలో ఉంచితే తుప్పు పట్టకుండా అడుగున బిగించే జింకు పలకలు మార్చాలి, అడుగు గీకి రంగు వేయాలి, అందుకు నీళ్లు తోడేసి ఓడను నిలబెట్టే డ్రైడాక్ కావాలి. చిన్న ఊరికి అది తలకు మించిన భారం. విశాఖలో కురుసుర జలాంతర్గామిని గట్టు మీదికి ఎక్కించి కాంక్రీటు దిమ్మెలపై నిలిపింది అందుకే. నేను అడిగేది నమూనా.

శిల్పి: గాజు గదిలో పెడితే దానికీ బాధలున్నాయిగా? బయట ఉప్పు పొర, లోపల చెమ్మ. పైనా కిందా గాలి ఆడే సందు లేకపోతే ఉదయం పూట నమూనా కనపడదు.

ఇంజినీరు: సందులు పెట్టి సన్నటి జాలీ కొట్టొచ్చు, కీళ్లలో సీలెంటు ఎప్పటికప్పుడు మార్చొచ్చు. విగ్రహమైనా నమూనా అయినా, ముందు పేర్లకు డబ్బు తీసి పక్కన పెట్టండి. అది మిగిలితేనే తక్కినవి.

శిల్పి: పేర్లు దేనిమీద? ఇత్తడి అక్షరాలు అంటిస్తే ఊడతాయి, లేదా దొంగలెత్తుకుపోతారు.

ఇంజినీరు: నల్ల గ్రానైట్ మీద చెక్కాలి. చీమకుర్తి గెలాక్సీ రాయి మాత్రం వద్దు, ఆ మెరుపు చుక్కల్లో చిన్న అక్షరాలు కలిసిపోతాయి. అక్షరం ఎత్తు 20 మిల్లీమీటర్లు, కింది ఖాళీతో కలిపి ఒక్కో పేరుకు 35. అయిదు నిలువు వరసల్లో, ఒక్కోదానిలో 39 పేర్ల చొప్పున సర్దితే పలక ఎత్తు దాదాపు 1.4 మీటర్లు. గాడి V ఆకారంలో లోతుగా ఉండాలి. రంగు పోయినా నీడలో అక్షరం కనపడుతుంది.

శిల్పి: హోదా వరసలోనా?

ఇంజినీరు: కాదు. అక్షరక్రమంలో, అధికారులూ నావికులూ కలిపే.

శిల్పి: అయితే ఆ పలకను నా నావికుడి పక్కనే నిలపండి, వెనక గోడకు కాదు. అడుగు వరస నేలకు 60 సెంటీమీటర్లపైన ఉండాలి. కింద మోకరిల్లిన తల్లికీ, నిలబడ్డ తమ్ముడికీ చెయ్యి అందాలి.

ఇంజినీరు: పలక వరకు ఒప్పుకున్నాను. విగ్రహం సంగతి, సెల్యూట్ లేని మట్టి నమూనా చూపించాక మాట్లాడదాం.