ఆఖరి మంచుకు ఆరు వారాల ముందు

విత్తనాల ప్యాకెట్ వెనక ఒక వాక్యం ఉంటుంది. మీరూ చదివే ఉంటారు, చదివి పళ్లు నూరుకునే ఉంటారు. "ఆఖరి మంచు పడే తేదీకి 6 నుంచి 8 వారాల ముందు ఇంట్లోనే నారు పోసుకోండి." ఎంత మామూలుగా, ఎంత మర్యాదగా చెప్పారో చూడండి. మంచంటే ఇక్కడ రాత్రిపూట గడ్డకట్టి లేత మొక్కల్ని చంపేసేది. మరి ఆఖరి మంచు అంటే ఏమిటి? దాని తర్వాత ఇంకో మంచు పడకపోతే అది ఆఖరిది. అంటే అది ఆఖరిదో కాదో తెలియాలంటే ఎండలు ముదరాలి. ఎండలు ముదిరాక తీరిగ్గా కూర్చుని, వెనక్కి ఎనిమిది వారాలు లెక్కపెట్టుకుని, ఎప్పుడో గడిచిపోయిన ఆ రోజున విత్తనం వేయాలి. రైలు వెళ్లిపోయాక "అది బయల్దేరడానికి అరగంట ముందే రావలసింది కదండీ" అని జాలిగా చెప్పే పెద్దమనిషి ప్రతి స్టేషన్లోనూ ఒకడుంటాడే, ఈ ప్యాకెట్లు రాసేది ఆయనే.

అదేమిటని అడిగితే సగటు తేదీల పట్టిక చూసుకోమంటారు. చూశాను. ఆ పట్టికల్లో మామూలుగా ఇచ్చే తేదీకి అర్థమేమిటంటే, సుమారు సగం ఏళ్లలో ఆ తేదీ దాటాక కూడా మంచు పడిందని. దశాబ్దాల వాతావరణ లెక్కలన్నీ తవ్వి, కూడి, భాగించి, చివరికి మన చేతిలో పెట్టింది ఒక నాణెం. బొమ్మ పడితే టమాటాలు, బొరుసు పడితే ఎరువు. పదేళ్లలో ఒక్కసారి మాత్రమే మంచు ముప్పు ఉండే తేదీ కూడా కొన్ని పట్టికల్లో ఇస్తారు గానీ ఆ గడి వైపు ఎవరూ చూడరు, అది చాలా ఆలస్యంగా ఉంటుంది, మనకేమో చలికాలం సగంలోనే చేతులు దురదపెడుతుంటాయి.

పైగా ఒక్కో మొక్కకి ఒక్కో లెక్క. టమాటాకి 6 నుంచి 8 వారాలు. మిరపకి 8 నుంచి 10, ఎందుకంటే ఆవిడ మొలకెత్తడానికే వారం నుంచి మూడు వారాల దాకా ఆలోచిస్తుంది, అదీ కింద మట్టి 25, 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటేనే. దోసకి 3 నుంచి 4 చాలు, ముందే వేస్తే తీగలు కర్టెన్‌కి చుట్టుకుంటాయి. ముల్లంగి, క్యారట్ ట్రేలో వేయనే కూడదు, వేరు కదిపితే వాటికి కోపం, తిన్నగా నేలలోనే వేయాలి. (వేశాను. కాళ్లు మెలిపెట్టుకుని కూర్చున్న క్యారట్‌లు చూడాలనుకునేవాళ్లు మా ఇంటికి రావచ్చు.) మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ఇప్పుడు ఖాళీ గడి లేదు. మా పెళ్లిరోజు గడిలో "మిరప" అని రాసి ఉంది. దాని గురించి మా ఆయన ఇంతవరకు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

సరే, తేదీ సంగతి దేవుడికి వదిలేశాను. "వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర ట్రే పెట్టండి." పెట్టాను. ఆ కిటికీ దగ్గర కూర్చుంటే నాకు సూదిలో దారం ఎక్కించేంత వెలుతురు ఉంటుంది. మన కళ్లంత అబద్ధాలకోరులు ఇంకెక్కడా ఉండరు, చీకటికి తగ్గట్టు అవి సర్దుకుపోయి "భేష్, బాగా వెలుతురుంది" అని మనకి రిపోర్టు ఇస్తాయి. మొక్కకి ఆ సర్దుబాటు లేదు. దానికి ఎంత వెలుతురు పడిందో అంతే, చలికాలం చివర్లో కిటికీ లోపల పడేది బయట ఎండలో ఎన్నో వంతో. అందుకని అది ఆకులు పెంచడం మానేసి, ఎక్కడో పైన సూర్యుడున్నాడన్న నమ్మకంతో కాడ సాగదీసుకుంటూ పోతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. నా మొక్కలకి ఆ ఇబ్బంది లేదు. అవి పుట్టుకతోనే వంగాయి, కిటికీ వైపు, మొత్తం డెబ్భై రెండూ, సినిమా హాల్లో తెర కనపడనివాళ్లలా మెడలు చాచి. నేను ట్రే అటు తిప్పితే అవి మరుసటి రోజుకి ఇటు తిరిగేవి. వారం రోజులు మేమిలా ఒకళ్ల మాట ఒకళ్లం వినకుండా గడిపాం.

ఆ తర్వాత నీళ్లు. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అన్నారు పెద్దలు. పోశాను. అదే నేను చేసిన తప్పు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యాహ్నం జాలేసినప్పుడల్లా ఒకసారి పోశాను. ఇరవై మూడో రోజు పొద్దున లేచి చూస్తే, మొలకలన్నీ మట్టి దగ్గర ఎవరో దారంతో బిగించి కట్టినట్టు సన్నబడి, ఒక వరస మొత్తం పక్కకి ఒరిగిపోయి ఉంది. సాయంత్రానికి ఇంకో రెండు వరసలు. దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా అని పేర్లున్న శిలీంధ్రాలూ, శిలీంధ్రాల్లాంటి జీవులూ మట్టిలో కాచుకుని ఉంటాయి, తడి ఎక్కువై, గాలి ఆడక, వెలుతురు చాలక మొక్క నీరసంగా ఉన్న రోజు చూసుకుని కాడని పట్టుకుంటాయి. పట్టుకున్నాక మందు లేదు. ముందే జాగ్రత్తపడాలి: శుభ్రమైన కొత్త మట్టి మిశ్రమం, కడిగిన ట్రే, పైన పోయకుండా అడుగునుంచి పీల్చుకునేలా నీళ్లు, చిన్న ఫ్యాన్ గాలి. అంతే. ఒక చిన్న ఫ్యాన్. ఈ నాలుగు ముక్కలు ఆ ప్యాకెట్ మీద ఎక్కడా లేవు. దాని ముందువైపు మాత్రం మనిషి పిడికిలంత టమాటా బొమ్మ ఉంది, దాని కింద "చాలా సులువు" అని ఉంది.

ఇక్కడే నాకు గుడ్డు పెంకుల వాళ్లు గుర్తొస్తారు. వాళ్లు మీకూ తెలుసు. ఎవరో ఒక మహాతల్లి పన్నెండు గుడ్డు పెంకులు కడిగి, ఒక్కోదాంట్లో చెంచాడు మట్టి పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మొలక నిలబెట్టి, పెంకు మీద చిన్న నవ్వుమొహం కూడా గీసి, తెల్లటి బల్ల మీద వరసగా పెట్టి ఫొటో తీస్తుంది. చూడటానికి ముద్దుగా ఉంటుంది, కాదనను. ఆ ఫొటో ఎప్పుడూ మొలక వచ్చిన మూడో రోజుదే. ఇరవయ్యో రోజు ఫొటో మీరెప్పుడైనా చూశారా? నేను వెతికాను. లేదు. ఎందుకంటే గుడ్డు పెంకులో వేరుకి చోటు రెండు వారాలకి మించి చాలదు, అడుగున చిల్లు పెట్టకపోతే నీళ్లు నిలుస్తాయి, చిల్లు పెడితే పెంకు పగులుతుంది. పెంకులోంచి క్యాల్షియం మొక్కకి అందుతుందంటారు. పెంకు మట్టిలో కరగడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, మొలక వయసు వారాలు. తాత ఆస్తి మీద ఆశపెట్టుకున్న మనవడికైనా ఇంతకంటే త్వరగా వస్తుంది. పెంకుల తర్వాత కాగితం గొట్టాల బ్యాచ్ ఉంది, వాటి అట్ట మట్టిలో తడి మొత్తం తాగేసి పైన బూజు కట్టి కూర్చుంటుంది, అదీ సహజమే అంటారు. బూజు సహజమే. చావు కూడా సహజమే.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను గానీ ఒక్క విషయం మాత్రం నవ్వుతూ రాయలేను. పక్కింటి పిల్లాడు, తొమ్మిదేళ్లవాడు, నన్ను చూసి వాడూ ఒక చిన్న ట్రే పెట్టుకున్నాడు. రోజూ స్కూల్ నుంచి వచ్చి స్కేలుతో మొలకలు కొలిచి నోటు పుస్తకంలో రాసేవాడు. వాడి నారు కూడా ఒక్క రాత్రిలో పడిపోయింది. ఆ ట్రే పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "ఆంటీ, నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. వాడి వెనకే వచ్చిన పెద్దాయన ఒకాయన, తోటపని నలభై ఏళ్లుగా చేస్తున్నాయన, వాడి తల నిమిరి, "కొందరి హస్తవాసి అంతే నాన్నా, నీ చేతికి మొక్కలు రావు" అన్నాడు.

హస్తవాసేమిటండీ? తొమ్మిదేళ్లవాడి చేతికి ఏం తెగులు? వాడికి చెప్పాల్సింది వెలుతురు చాలలేదు, నీళ్లెక్కువయ్యాయి, గాలి ఆడలేదు అని మూడు మాటలు. అవి చెప్పడానికి నలభై ఏళ్ల అనుభవం చాలలేదా? మొక్క బతికితే గొప్ప విత్తనాలది, మొక్కల మీద పెట్టే లైటు అమ్మినవాళ్లది, మట్టి సంచీ అమ్మినవాళ్లది, చచ్చిపోతే మాత్రం పాపం కొనుక్కున్నవాడి చేతిది! నాకు తెలిసి ఎంతమంది ఈ ఒక్క మాటకి జడిసి మళ్లీ మట్టి ముట్టుకోలేదో. రేపటి నుంచి ఎవరైనా నా ముందు హస్తవాసి అన్నారో, ఆ కుళ్లిన ట్రే తెచ్చి వాళ్ల ఒళ్లో పెడతాను.

పిల్లాడూ నేనూ కలిసి మళ్లీ పోశాం. ఈసారి లైటు పెట్టాం. మొలకలకి బెత్తెడు దూరంలో మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్, రోజుకి 14 నుంచి 16 గంటలు. కాడలు పొట్టిగా, లావుగా వచ్చాయి. వాడు మళ్లీ స్కేలు పట్టుకొచ్చాడు. ఇంత తేలికైన విషయానికి అంత ఏడుపెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అసలు విత్తనానికి మనం అనుకున్నంత సుకుమారం లేదు. 1879లో బీల్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త కలుపు విత్తనాలు సీసాల్లో పోసి మిషిగన్‌లో పాతిపెడితే, 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని మొలిచాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా అనే పాత కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరం గింజ 2005లో మొలకెత్తింది. నేను కొన్న మిరప గింజలు మాత్రం పోయినేడాదివట, "కొంచెం పాతబడ్డాయి, మొలకశాతం తగ్గుతుంది" అన్నాడు దుకాణంలో అబ్బాయి, ఏమాత్రం మొహం మారకుండా.

మొలకలు బతికాయి కదా, ఇంక నాటేద్దామా అంటే కుదరదు. వాటిని బయటి లోకానికి అలవాటు చేయాలి. ఇంట్లో పెరిగిన ఆకు ఎండకి తెల్లగా కాలిపోతుంది, గాలికి కాడ విరుగుతుంది. అందుకని వారం పది రోజులు మెల్లమెల్లగా: మొదటి రోజు నీడలో ఒక గంట, రెండో రోజు రెండు గంటలు, తర్వాత కొంచెం పొద్దుటి ఎండ, రాత్రికి మళ్లీ లోపలికి. రాసినప్పుడు ఒక్క వాక్యమే. చేసినప్పుడు ఆరు ట్రేలు, రోజుకి రెండుసార్లు, మధ్యలో మెట్లు. మొదటి రోజు ఊరేగింపులా తీసుకెళ్లాం, ముందు నేను దారి చూపిస్తూ, వెనక మా ఆయన రెండు చేతుల మీద ట్రే మోస్తూ, ఆయన వెనక పిల్లాడు తలుపులు పట్టుకుంటూ. బయట పెట్టగానే గాలొచ్చింది. లోపలికి తెచ్చాం. గాలి ఆగింది. బయట పెట్టాం. మబ్బు పట్టింది, మబ్బు మంచిదే అన్నాను, వానొచ్చింది, లోపలికి తెచ్చాం. మూడో రోజు ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉండగా నేను ఫోన్ చేసి, "ఏవండీ, ఎండ గుమ్మం దాటి వచ్చేసింది, నేను బయటున్నాను, మీరు వెంటనే ఇంటికెళ్లి పిల్లల్ని లోపల పెట్టండి" అన్నాను. ఆ మాట స్పీకర్లో అక్కడున్న అందరూ విన్నారట. వాళ్ల మేనేజర్ కంగారుగా సెలవిచ్చి పంపారట. ఆయన పరుగున వచ్చి డెబ్భై రెండు టమాటా నారుని నీడకి చేర్చి, వెనక్కి వెళ్లి, పిల్లలు క్షేమమే అని చెప్పారట. మాకు పిల్లలు లేరని ఆ ఆఫీసులో ఇప్పుడు ఎవరికి చెప్పాలన్నా కష్టం. ఐదో రోజు నుంచి వాళ్లు రోజూ ఆరా తీస్తున్నారు, "ఎండ పడట్లేదు కదా సార్" అని.

పదో రోజుకి నారు రాటుదేలింది. మా ఆయన నడుం పట్టేసింది. పట్టికలో చెప్పిన తేదీ దాటి అప్పటికే వారమైంది. మట్టి వెచ్చగా ఉంది. టమాటా కాడని సగం దాకా మట్టిలో పూడ్చాం, పూడ్చిన కాడంతా వేళ్లు తన్నుతుంది, ఆ ఒక్క విషయంలో టమాటా మహా మంచి మనిషి. పిల్లాడు ఒక్కో మొక్క పక్కన పుల్ల గుచ్చి పేరు రాశాడు.

రెండు రోజుల తర్వాత రాత్రి ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు, చుక్కలు బాగా కనిపించాయి. ఎంత బాగుందో అనుకున్నాను. అలా తేటగా, గాలి ఆడకుండా ఉన్న రాత్రే నేలలోని వేడి అంతా పైకి పోయి మంచు గడ్డకడుతుందని నాకు తెల్లారాక గుర్తొచ్చింది. పొద్దున ఆకులన్నీ ఉడకబెట్టి తీసినట్టు నల్లగా వేలాడుతున్నాయి. పుల్లలు మాత్రం నిటారుగా ఉన్నాయి.

అయితే ఒకటి, ఇప్పుడు నాకు ఆఖరి మంచు తేదీ తెలిసింది. క్యాలెండర్ ముందు నిలబడి వెనక్కి ఆరు వారాలు లెక్కపెట్టాను. మొదటి నారంతా పక్కకి ఒరిగిపోయిన రోజు వచ్చింది. "చూశారా, అసలు ఆ రోజే వేయాల్సింది, ప్యాకెట్ కరెక్టుగానే చెప్పింది" అన్నాను.

మా ఆయన నడుం పట్టుకుని మెల్లగా లేచి, కిటికీలోంచి ఒకసారి ఆకాశం వైపు చూసి, "ఇదే ఆఖరిదని నీకెవరు చెప్పారు?" అన్నారు.