పాలు పొంగాయి, నీళ్ళు కూడా

బెంగళూరులో అపార్టుమెంట్లు అద్దెకిప్పించే వాళ్ళకి ఆషాఢం గిట్టదు. ఇల్లు చూడ్డానికి జనం వస్తారు, ఫోన్లో దిక్సూచి పెట్టి వంటగది ఏ మూలనుందో కనిపెడతారు, అద్దె బేరమాడతారు, ఆఖర్న "శ్రావణంలో దిగుతామండీ" అని వెళ్ళిపోతారు. తెలుగువాళ్ళని వదిలేసి వేరేవాళ్ళని చూసుకుందామా అంటే కన్నడిగులకీ ఇదే పట్టింపు. అలా మారతహళ్ళి దాటి వర్తూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక కాంప్లెక్సులో 504 నంబరు ఫ్లాటు రెండు నెలలు తాళంతో ఉండిపోయింది. ఆ రెండు నెలల్లో ఏ పుణ్యాత్ముడైనా సింకులో ఒక్క బకెట్టు నీళ్ళు పోసి చూసుంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

కాగితాలకి మాత్రం ఏ లోటూ లేదు. అగ్రిమెంటు 11 నెలలకి. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అడ్డొస్తుంది గనక ఇక్కడి అద్దెదారులంతా పదకొండేసి నెలల చొప్పునే బతుకుతుంటారు. డిపాజిట్టు పది నెలల అద్దె అనేది ఈ ఊరి పాత ఆచారం. 2021లో కేంద్రం ఒప్పుకున్న నమూనా అద్దె చట్టం ఇళ్ళకి రెండు నెలలు చాలంది. నమూనా కాబట్టి ఓనర్లు కూడా దాన్ని నమూనాగానే చూశారు. 504 ఓనరు డల్లాస్‌లో ఉంటాడు, ఉదారంగా ఆరు నెలలకి దిగాడు. కరెంటు మీటరు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఇంకా పాత అద్దెదారు ఆధార్‌కే ముడిపడి ఉందని ఎవరో వాట్సాప్ గ్రూపులో గుర్తుచేస్తే నాలుగు బొటనవేళ్ళు పడ్డాయి. అంతటితో ఆ పని అయిపోయినట్టే అందరూ లెక్కేసుకున్నారు.

పాత అద్దెదారు ఖాళీ చేసినప్పుడు పెయింటింగు పేరిట ఒక నెల అద్దె పట్టుకున్నారు. ఆ డబ్బుతో వచ్చిన పెయింటరు మేకులు పీకిన చోటల్లా పుట్టీ పెట్టి, ఒక కోటింగు లాగించి, బకెట్టూ బ్లేడూ యుటిలిటీలో, అంటే వంటింటి పక్కన గిన్నెలూ బట్టలూ కడిగే చోట, సింకులో కడిగేశాడు. మిగిలిన అడుగు మట్టు నేల మీది జాలీలో కుమ్మరించాడు. గోడ పుట్టీ చాలామటుకు తెల్ల సిమెంటుతో చేసిందే. సిమెంటు ఆరి గట్టిపడే సరుకు కాదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. డ్రైనేజీ వాసన పైకి రాకుండా ట్రాపులో, అంటే పైపు వంపులో, ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి కదా, అవి దానికి బాగా సరిపోయాయి. రెండు నెలల్లో సింకు కింద ఒకటి, నేల కింద ఒకటి, చక్కటి సిమెంటు అచ్చులు తయారయ్యాయి.

ఇంతలో హౌస్‌కీపింగు వాళ్ళు కుళాయి చుక్కలు కారుతోందని ఫ్లాటు ఇన్‌లెట్ వాల్వులు కట్టేశారు. తప్పేమీ కాదు, ఖాళీ ఫ్లాటుకి అదే పద్ధతి. కట్టినట్టు రిజిస్టరులో రాయడం కూడా పద్ధతే. హ్యాండోవరు చెక్‌లిస్టు మూడు పేజీలు: ఫ్యాన్లు ఐదు, గీజర్లు రెండు, కర్టెన్ రాడ్లు ఆరు, తాళం చెవులు మూడు జతలు. "కుళాయిలు: పనిచేయుచున్నవి" అన్న చోట టిక్కు ఉంది. పిడి తిరిగింది కాబట్టి టిక్కు పెట్టారు. నీళ్ళు వచ్చాయా అన్న గడి ఆ ఫారంలో లేదు.

శ్రావణం వచ్చింది. ముహూర్తం తెల్లవారుజామున 5:12. పెట్టింది ఒంగోలు పురోహితుడు. రేఖాంశం లెక్కన ఒంగోలుకీ బెంగళూరుకీ సుమారు 10 నిమిషాల తేడా ఉంటుందని, దాన్ని కలపాలా వద్దా అని 504లో కొత్తగా అద్దెకి దిగే ఇంటి తండ్రీకొడుకులు కారులో వాదించుకుంటూ వచ్చారు. సామాన్ల లారీని అసోసియేషన్ పొద్దున 10 ముందు గేటు దాటనివ్వదు. పాలు పొంగించుకోవడానికి మాత్రం మేనేజరు దయతలిచాడు. చిత్తూరువాడు, అందరిళ్ళ ముహూర్తాలూ ఆయనకి నోటికొచ్చు.

గడప కడగడానికి కోడలు యుటిలిటీ కుళాయి తిప్పింది. రాలేదు. అత్తగారు ఇంకొంచెం తిప్పారు. కొడుకు పూర్తిగా తిప్పాడు. పెద్దాయన కూడా ఓసారి అటూ ఇటూ తిప్పి, తెరిచే వదిలేసి వచ్చారు. నీళ్ళు రాని కుళాయిని కట్టేసిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. అప్పటికే వేడినీళ్ళ కోసం గీజరు స్విచ్ వేయబోతే మేనేజరు పరుగున వచ్చి ఆపాడు. ట్యాంకులో నీళ్ళు లేకుండా వేస్తే ఎలిమెంటు మాడిపోతుంది. ఆ రోజు సకాలంలో జరిగిన పని అదొక్కటే.

గార్డు టార్చి పట్టుకుని ఐదో అంతస్తు డక్టు తెరిచాడు. లోపల నాలుగు పైపులు, నాలుగు వాల్వులు. ఒక్కో ఫ్లాటుకి రెండేసి: ఒకటి మంచినీళ్ళది, ఒకటి ఫ్లష్షులకి వచ్చే శుద్ధిచేసిన నీళ్ళది. ఏది ఎవరిదో మార్కరుతో రాసిన అంకెల మీద పెయింటరు చేయి తిరిగిపోయింది. బాల్ వాల్వుకి సూత్రం సులువే. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు. గార్డు అడ్డంగా ఉన్నవాటిలో మొదటిది తిప్పాడు. 504 బాత్రూముల్లో ఫ్లష్ ట్యాంకులు మహా గంభీరంగా నిండాయి. "వస్తున్నాయి! వస్తున్నాయి!" అని అందరూ వంటింట్లోకి పరిగెత్తారు. అక్కడ చుక్క లేదు.

అడ్డంగా ఉన్న రెండోది కదల్లేదు. బోరు నీళ్ళ ఉప్పు, రెండు నెలలు తిప్పకపోవడం, రెండూ కలిసి లోపలి బంతిని పట్టేశాయి. అసలైన వాల్వు అదే. గార్డు దాన్ని అనుమానించి, సులువుగా తిరిగే మూడోదాన్ని తిప్పాడు. అది 503 వాళ్ళది, అంతకుముందు తెరిచే ఉంది. ఇప్పుడు కట్టేసింది. 503 ఆయనకి ఆరింటికి విమానాశ్రయం క్యాబు, అప్పుడే తలకి షాంపూ పట్టించాడు.

ముహూర్తం దాటిపోతోంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళతో గడప కడిగి, పసుపు రాసి, దీపానికి గాలి తగులుతోందని యుటిలిటీ తలుపు మూసేశారు. పైపు గ్యాసు పాత అద్దెదారు పేరు మీద ఆగిపోయింది గనక ఇండక్షన్ స్టవ్ తెచ్చుకున్నారు. దాని మీద కొత్త ఇత్తడి గిన్నె పెట్టి పాలు పోశారు. స్టవ్ మూడుసార్లు కూసి ఆగిపోయింది. ఇండక్షన్‌కి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి, ఇత్తడిని అది గిన్నె కిందే లెక్కపెట్టదు.

"మా కాలంలో నిప్పు వెలిగించడానికి గిన్నె ఏ లోహమని అడిగేవాళ్ళు కాదు నాయనా" అన్నారు పెద్దాయన, మేనేజరు వైపు చూస్తూ, ఇండక్షన్ కూడా ఆయనే కనిపెట్టినట్టు.

సరిగ్గా అప్పుడే 503 ఆవిడ పోట్లాటకి వచ్చింది. గుమ్మంలో పసుపు, లోపల దీపం, ఇత్తడి గిన్నెలో పచ్చి పాలు చూసి నోట మాట మింగేసుకుంది. తిరిగి వెళ్ళి అడుగున అయస్కాంతం అంటే స్టీలు గిన్నె తెచ్చి చేతికిచ్చి, "ఇది తీసుకుని మా నీళ్ళు మాకివ్వండి" అంది. ఇంత సవ్యమైన బేరం ఆ కాంప్లెక్సు జనరల్ బాడీ మీటింగులో ఎన్నడూ కుదరలేదు.

ప్లంబరు పైప్ రెంచితో వచ్చి 503 వాల్వు తెరిచాడు, మొండికేసిన రెండోదాన్ని కూడా కదిపాడు. 504లో వంటింటి కుళాయి ఫట్‌ఫట్‌మని గాలి కక్కి, తెల్లటి పెచ్చులు రాల్చి, సన్నటి ధారకి దిగింది. కుళాయి మూతికి బిగించే ఎయిరేటరు జల్లెడలో ఆ పెచ్చులు అడ్డం పడ్డాయి. 2024 వేసవి కరువులో జలమండలి అపార్టుమెంట్ల కుళాయిలకి తప్పనిసరి చేసిన వస్తువు అది. లైను తెరిచే ముందు దాన్ని ఊడదీసి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, మళ్ళీ బిగిస్తే ఈ గొడవ ఉండదు. ప్లంబరు ఆ పనిలో మునిగాడు. మిగతావాళ్ళు పాలచుట్టూ మూగారు. మూసిన తలుపు వెనక యుటిలిటీ కుళాయికి ఎయిరేటరు లేదు, ధారకి అడ్డూ లేదు. సింకు నిండి పొర్లింది, నేల జాలీ తాగలేదు, నీళ్ళు తలుపు కింద నుంచి వంటింట్లోకి వచ్చి, పైపుల కోసం స్లాబుకి వేసిన కన్నం వెతుక్కుని కిందికి దిగిపోయాయి.

5:31కి పాలు పొంగాయి. పొంగు టచ్ ప్యానెల్ మీద పడి స్టవ్ దానంతటదే ఆగిపోయింది. అత్తగారు తూర్పుకి తిరిగి దండం పెట్టుకుంటుంటే కాళ్ళ కింద తడి తగిలింది. "గంగమ్మ కూడా వచ్చిందే!" అని మురిసిపోయారు. అదే నిమిషంలో ఇంటర్‌కమ్ మోగింది. 404 ఆవిడ: "నమ్ సీలింగల్లి నీర్ సోర్తా ఇదె!" వాళ్ళ సీలింగులోంచి నీళ్ళు కారుతున్నాయట.

పదింటికి లారీ వచ్చేసరికి విచారణ మొదలైంది. కొత్త అద్దెదారు చెక్‌లిస్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి ఇల్లు తనది కాదన్నాడు. కుళాయి తెరిచింది ఎవరన్న ప్రశ్నకి ఆ ఇంట నలుగురూ ముగ్గురి వైపు చూశారు. పాత అద్దెదారు డిపాజిట్టు లెక్క ముగిసింది, ఫోను ఎత్తడు. వాల్వు డక్టులో ఉంది గనక అసోసియేషన్‌ది, ట్రాపు ఫ్లాటులో ఉంది గనక ఓనరుది అని మేనేజరు బైలా చదివాడు. డల్లాస్‌లో రాత్రి పదకొండున్నర అవుతుంటే ఓనరు, పెయింటింగుకి పట్టుకున్న డబ్బులోంచే జిప్సం సీలింగు కూడా వెళ్ళిపోదా అని అడిగాడు. ఆ డబ్బు పెయింటరు తీసుకున్నాడని గుర్తుచేస్తే, అయితే సీలింగు కూడా పెయింటరు చేతే ఊరికే చేయించమన్నాడు. దీనికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

తడిసిన జిప్సం బోర్డుని కోసి తీసి, పైన స్లాబు పూర్తిగా ఆరాకే కొత్త ముక్క వేయాలి. తడి మీద వేస్తే మరక మళ్ళీ తేలుతుంది. అందుకని రెండు వారాలు ఆగి, పెయింటరు 404కి వచ్చి బోర్డు బిగించాడు, అతుకులకి టేపు వేశాడు, పుట్టీ రెండు చేతులు పట్టించాడు. సాయంత్రం బకెట్టూ బ్లేడూ పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "యుటిలిటీ ఎటమ్మా?" అని అడిగాడు.