పద్నాలుగు వేల ఎకరాలకు ఒక సెంటు

ఎడారిని చట్టం పెట్టి కాపాడడం ఎంతటి అన్యాయమో తెలియాలంటే అమెరికా పోరంబోకు చరిత్ర కొంత తెలియాలి. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వం ఊరికే ఇస్తామన్నా సాగుదార్లు వద్దని దండం పెట్టిన భూమి, అందరూ ఏరుకోగా మిగిలిన భూమి, చివరికి భూ నిర్వహణ బ్యూరో నెత్తిన పడింది. అంతకాలం దాని యోగక్షేమాలు అడిగిన పుణ్యాత్ములు అరుదు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం, మానవ హస్తం పడని కొన్ని చోట్లకు మనిషి చుట్టపుచూపుగా వచ్చిపోవాలే తప్ప కాపురం పెట్టరాదని చెప్పింది. 1976లో మరో చట్టం అలాంటి చోట్లను బ్యూరో భూముల్లోనూ వెతకమంది. అంతే, ఆ రాళ్లతో తమకు తాతల నాటి అనుబంధం ఉందని చాలామందికి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

కాలిఫోర్నియా ఎడారి రక్షణ కోసం సెనేటర్ క్రాన్‌స్టన్ 1986లో పెట్టిన బిల్లు, మరో సెనేటర్ ఫైన్‌స్టైన్ చేతుల మీదుగా 1994 అక్టోబరు 31న చట్టమైంది. ఆ ఎడారిలోని మోజావే ప్రాంతానికి మాత్రం, వేటగాళ్ల మనసు నొచ్చుకోకుండా, వేట కుదరని పార్కు హోదా తప్పించి, వేటకు వీలుండే ప్రిజర్వ్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ప్రతినిధుల సభలోని పొదుపరులు ఆ 14 లక్షల పైచిలుకు ఎకరాల నిర్వహణకు పార్కుల శాఖ పద్దులో అక్షరాలా ఒక్క డాలరు రాశారు. మనకు ఎకరానికి వంద సెంట్లు; వారి లెక్కలో పద్నాలుగు వేల ఎకరాలకు ఒక సెంటు. ఇంతటి దాతృత్వాన్ని కొందరు కక్ష అనడం నన్ను బాధించింది.

యూటా రాష్ట్రం ఇంకా తెలివైనది. దారీతెన్నూ లేని నేలకే వైల్డర్‌నెస్ హోదా దక్కుతుంది కనుక, దారి ఉందని నిరూపిస్తే పీడ విరగడవుతుంది. 1866 నాటి గనుల చట్టంలో రహదారి హక్కు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. 1976లో అది రద్దయినా, అప్పటికే ఉన్న దారుల హక్కు మిగిలింది. ఆ వాక్యం పట్టుకుని 12,000కు పైగా దారులు తమవేనని యూటా కోర్టుకెక్కింది. వాటిలో పశువుల బాటలూ, ఎండిన వాగుల ఇసుకా కలిసి ఉన్నాయని గిట్టనివారంటారు. వాగు కూడా ఎక్కడికో ఒకచోటికి పోతుంది కదా!

ఇక ఎడారి తాబేలు సంగతి. ఈ సోమరి ప్రాణి తన బతుకులో ఎక్కువ భాగం బొరియలోనే గడుపుతుంది. వాన పడినప్పుడు తాగిన నీటిని మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి వాడుకుంటుంది. ముద్దొచ్చిందని ఎవరైనా చేతిలోకి ఎత్తుకుంటే హడలిపోయి ఆ నీరంతా వదిలేస్తుంది, ఆపైన ఎండలో దాహంతో చావనూ వచ్చు. ఇంత పెళుసు ప్రాణి కోసం, ఇసుక మీద బండి పరుగెత్తించుకునే పౌరుడి సరదా ఆగిపోవాలా?

బండి పోతే ఇసుకకేమవుతుందని అడిగేవారిది న్యాయమైన ప్రశ్నే. 1942లో జనరల్ ప్యాటన్ మోజావేలో యుద్ధ శిక్షణకు ట్యాంకులు నడిపించారు. వాటి గాళ్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తున్నాయి. చెరగని దారికి ఇంతకన్నా రుజువు దొరకదు కనుక, వాటిని కూడా ఆ 12,000 తరహా జాబితా ఒకదానిలో చేర్చవలసిందిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను.